‘మేక’ అనగలిగే నోటికి ‘క్యాట్’ కష్టం కాదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు ఉచ్చారణ గురించే, అందులోనూ అచ్చుల గురించే. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాను. కొన్నింటికి వివరంగా, కొన్నింటికి రెండు మాటల్లో జవాబు రాస్తున్నాను. అడిగినవాళ్ళ పేర్లు కావాలనే వేయలేదు. ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పాలి. ఇంగ్లీషు మాటల్ని ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాయక తప్పదు, కానీ ఈ అక్షరాలు ఏ మాట గురించి చెబుతున్నానో తెలియడానికే. అసలు ధ్వని చెవితో వినాల్సిందే, కాబట్టి చదివేటప్పుడు ఫోన్ పక్కన పెట్టుకుని, అనుమానం వచ్చిన ప్రతి మాటనీ డిక్షనరీలో నొక్కి వినండి.

ప్రశ్న: మాది రాజాం దగ్గర పల్లెటూరు. ఇంజినీరింగ్ చివరి సంవత్సరం. మాక్ ఇంటర్వ్యూలో నేను బ్యాచ్, బ్యాగ్, గ్యాస్ అంటే ‘బేచ్, బేగ్, గేస్’ అని వినిపిస్తోందని ట్రైనర్ అన్నారు. సరిచేసుకుందామని గట్టిగా ప్రయత్నిస్తే ‘బియాగ్’ అని వస్తోంది. పక్కవాళ్ళు నవ్వుతున్నారు. ఇంటర్వ్యూ అంటేనే టెన్షన్ పట్టుకుంది. మా ఊరి యాస వల్లే ఇలా అవుతోందా మాస్టారూ?

జవాబు: యాస వల్ల కాదమ్మా. ఈ విషయంలో నీకు సాయం చేసేది నీ తెలుగే. ఇప్పుడే పైకి అని చూడు: ‘మేకు’. తర్వాత ‘మేక’. రెండింటికీ రాసేది ఒకే ఏ-కారం, కానీ ‘మేక’ అన్నప్పుడు నోరు ఇంకాస్త తెరుచుకుంటుంది. వెనకాల ‘క’లో ఉన్న అ-కారం ముందున్న ఏ-కారాన్ని కిందికి దించుతుంది కాబట్టి అలా జరుగుతుంది. ‘పేరు’, ‘పేట’ కూడా అంతే. నరసన్నపేట బస్సు దగ్గర కండక్టరు ఊరి పేరు అరిచినప్పుడు ఆ ‘పే’ ఎంత వెడల్పుగా వస్తుందో విను. తెలుగు ధ్వనుల్ని పరిశీలించిన భాషాశాస్త్రవేత్తలు ఎప్పుడో గుర్తించిన సంగతి ఇది, మనకు బడిలో చెప్పేవాళ్ళు లేకపోయారు.

ఇంకో మెట్టు దిగు. ‘వచ్చాడు’, ‘చెప్పాడు’ అను, పుస్తకం చదివినట్టు కాకుండా మామూలుగా మాట్లాడినట్టు. మీ ఇంట్లో ‘వచ్చినాడు’ అంటారేమో, అయినా ఈ మాట రోజూ చెవిన పడేదే. రాసేది ఆ-కారమే గానీ చాలామంది నోట్లో వచ్చేది ‘రాముడు’లోని ఆ కాదు. ఏ-కారానికీ ఆ-కారానికీ మధ్యలో ఉండే వేరే అచ్చు అది. దానికి మనకు అక్షరం లేదు. అందుకే మన వైపు పాత రచయితలు ‘వచ్చేడు’, ‘చెప్పేడు’ అని రాసేవారు, తర్వాతివాళ్ళు ‘వచ్చాడు’ అని రాస్తున్నారు, ధ్వని మాత్రం రెండు రాతలకీ మధ్యనే ఉండిపోయింది. క్యాట్, బ్యాగ్, బ్యాచ్‌లలో ఉన్నది దాదాపు ఆ అచ్చే.

అక్షరం లేకపోవడమే నీ ఇబ్బందికి మూలం. ఆ ఇంగ్లీషు అచ్చుని తెలుగులో రాయాల్సి వచ్చినప్పుడు కొందరు ‘బేంకు’ అన్నారు, కొందరు ‘బ్యాంకు’ అన్నారు. మొదటిది చదివినవాళ్ళకి ఏ-కారం అలవాటైంది, రెండోది చదివినవాళ్ళకి లేని య-కారం నోట్లోకి వచ్చింది. నువ్వు మొదటి దాని నుంచి పారిపోయి రెండో దాంట్లో పడుతున్నావు. ఇందులో నీ నోటి తప్పు ఏమీ లేదు, మనసులో తెలుగు రాతని చదువుతున్నావు, అంతే.

సాధన ఇలా చెయ్యి. అద్దం ముందు కూర్చుని ‘ఏ’ అని పట్టుకో. నాలుక కొస కింది పళ్ళ వెనక ఉంటుంది. దాన్ని అక్కడి నుంచి కదపకుండా, ధ్వని ఆపకుండా, కింది దవడని మెల్లగా దించు. ‘ఆ’ అయిపోకముందే ఆగు. అక్కడ వినిపించేదే నీకు కావలసింది. దాన్ని రెండు క్షణాలు అలాగే సాగదీసి చూడు. మొదట్లో ఒక ధ్వని, చివర్లో ఇంకో ధ్వని వచ్చాయంటే య-కారం దూరిందన్నమాట. మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటే సరిగ్గా వచ్చినట్టు. తర్వాత మాటలు జంటలుగా అనాలి: బెడ్ (మంచం), బ్యాడ్ (చెడ్డ). మెన్ (మగవాళ్ళు), మ్యాన్ (మగవాడు). పేంట్ (రంగు), ప్యాంట్ (వేసుకునేది). నువ్వు అనే ముందు వినడం ముఖ్యం. ఫ్రెండ్‌ని ఏదో ఒకటి అనమని, ఏది అన్నదో నువ్వు చూడకుండా చెప్పు. చెవికి తేడా తెలిసే దాకా నోటికి తెలియదు. ఇంకోటి, ఈ అచ్చు పేరుకి పొట్టిదే గానీ బ్యాడ్, బ్యాగ్, మ్యాన్ లాంటి మాటల్లో బాగానే సాగుతుంది, తొందరగా తెంపెయ్యకు.

ఇంటర్వ్యూలో కూర్చుని ఒక్కో అచ్చు గురించీ ఆలోచిస్తే చెప్పాల్సిన విషయం పోతుంది. అందుకని ముందుగానే నీ సెల్ఫ్ ఇంట్రడక్షన్ కాగితం మీద రాసి, ఈ అచ్చు ఉన్న మాటల కింద గీత గీసుకో. ఫ్యామిలీ, గ్రాడ్యుయేషన్, ల్యాబ్, బ్యాక్‌గ్రౌండ్, యాప్, మేనేజ్‌మెంట్. (ఆ చివరిదాన్ని మనం ‘మే’ అని రాస్తాం గానీ అక్కడా ఇదే అచ్చు.) అవి నోటికి పట్టేదాకా అనుకో, మిగతావి నెమ్మదిగా వస్తాయి.

ప్రశ్న: చీపురుపల్లి నుంచి రాస్తున్నాను. ఫోన్‌లో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగం. కాల్, హాల్, ఆఫీస్ అంటే ఆ-కారం వద్దన్నారు. సరే అని ‘కోల్’ అంటే అది బొగ్గు అన్నారు. మరి ఏమనాలి?

జవాబు: ఇక్కడా మన తెలుగులోనే ఉంది సమాధానం. ‘కోడి’ అనండి, ‘కోట’ అనండి. ‘మేకు–మేక’ గురించి పైన చెప్పిందే ఇక్కడ ఓ-కారానికి జరుగుతుంది. విజయనగరం కోట, బొబ్బిలి కోట అంటాం చూడండి, ఆ ‘కో’లో పెదాలు గుండ్రంగానే ఉంటాయి కానీ దవడ కిందికి దిగుతుంది. ఇంకొంచెం దించండి, పెదాల గుండ్రం మాత్రం పోనివ్వకండి. కాల్, హాల్, బాల్, లా (చట్టం), వాక్ (నడక) మాటల్లో ఉండే పొడుగు అచ్చు అది. ఆఫీస్, కాఫీ, షాప్, డాక్టర్‌లలో దాదాపు అదే స్థానంలో పుట్టే పొట్టి అచ్చు. కోల్, కోట్, హోల్ మాటల్లో మాత్రం మామూలు ఓ-కారం సరిపోతుంది.

ఇది బ్రిటిష్ పద్ధతి. మీ కస్టమర్లు అమెరికావాళ్ళయితే ఇంత శ్రమ అక్కర్లేదు. అక్కడ షాప్, డాక్టర్‌లని మనలాగే ఆ-కారానికి దగ్గరగా పలుకుతారు, కొన్ని ప్రాంతాలవాళ్ళయితే కాల్, హాల్‌లని కూడా. ఎవరితో మాట్లాడుతున్నారో చూసుకుని సాధన చేయండి. ఇంకో మాట, గో, రోడ్, గేట్, డే లాంటి మాటల్లో ఇంగ్లండువాళ్ళు ఓ-కారాన్నీ ఏ-కారాన్నీ చివర్లో కాస్త వంచుతారు. మనం వంచకుండా నిటారుగా అంటాం. దాని వల్ల అర్థం ఎక్కడా చెడదు, స్కాట్లండులో చాలామంది అలాగే అంటారు. దాని మీద సమయం పెట్టకండి.

ప్రశ్న: మాది పలాస. నేను పదో తరగతి దాకా చదివాను. మా బాబు ఇంగ్లీషు మీడియంలో మూడో తరగతి. నేను వాడికి చదివిస్తుంటే ‘యెగ్ కాదమ్మా ఎగ్, వోపెన్ కాదు ఓపెన్’ అని ఆపేస్తున్నాడు. నాకు రెండూ ఒకేలా వినిపిస్తున్నాయి. తేడా ఏటి?

జవాబు: అమ్మా, మీకు ఒకేలా వినిపించడంలో ఆశ్చర్యం లేదు. తెలుగులో మాట మొదట్లో ఎ, ఏ వస్తే మనకు తెలియకుండానే ముందు చిన్న య-కారం వస్తుంది. ఒ, ఓ వస్తే వ-కారం వస్తుంది. ‘యెవరు’, ‘వొక’ అనే పలుకుతాం, తెలుగులో దానివల్ల అర్థం మారదు కాబట్టి చెవి దాన్ని పట్టించుకోవడం మానేసింది. ఇంగ్లీషులో మాత్రం ఆ య-కారం ఉంటే ఒక మాట, లేకపోతే ఇంకో మాట. ఇయర్ అంటే చెవి, యియర్ అంటే సంవత్సరం. ఈస్ట్ అంటే తూర్పు, యీస్ట్ అంటే బ్రెడ్డు పిండి పొంగడానికి వేసేది.

దీనికి తేలిక ఉపాయం ఉంది. ఆ మాటని ఒంటరిగా అనకండి, ముందు మాటతో కలిపి ఒకే మాటలా అనండి. ‘అన్ ఎగ్’ని ‘అనెగ్’ అనండి. ‘అన్ ఓల్డ్ మ్యాన్’ని ‘అనోల్డ్’ అంటూ మొదలుపెట్టండి. న-కారం నేరుగా అచ్చుకి అతుక్కుంటే మధ్యలో య, వ దూరడానికి చోటుండదు. ‘అనియర్’ అంటే ఒక చెవి, ‘అ యియర్’ అంటే ఒక సంవత్సరం, ఇదీ అలాగే చేసి చూడండి. కొన్నాళ్ళకి ముందు మాట తీసేసినా ‘ఎగ్’ శుభ్రంగా వస్తుంది. బాబు చేత రోజూ ఒక పేజీ చదివించుకుని మీరు వెనకాల అనండి. వాడు తప్పు పట్టినప్పుడు చిన్నబుచ్చుకోకండి, చదివించడం అసలే ఆపకండి. మీరు పక్కన కూర్చుని చదివించడం వల్ల వాడికి జరిగే మేలు ముందు మీ నోట వచ్చే య-కారం ఒక లెక్క కాదు.

ప్రశ్న: పాతపట్నం దగ్గర ప్రైమరీ స్కూల్లో టీచర్‌ని. ‘డబుల్ ఓ’ రాసిన చోట ఫుడ్ ఒకలా, బుక్ ఒకలా, బ్లడ్ ఒకలా, ఫ్లోర్ ఒకలా చదవాలంటే పిల్లలు ‘ఎందుకు టీచర్?’ అని అడుగుతున్నారు. ఏం చెప్పాలి? ఇంగ్లీషు మాటల కింద తెలుగులో రాసుకోనివ్వొచ్చా?

జవాబు: టీచర్ గారూ, ‘ఎందుకు’ అని అడిగే పిల్లలున్న తరగతి మంచి తరగతి. వాళ్ళకి నిజమే చెప్పండి. ఇంగ్లీషు రాత పాతది, పలుకు కొత్తది. సుమారు 1400 నుంచి 1700 మధ్య ఆ భాషలో పొడుగు అచ్చులన్నీ ఒకదాని తర్వాత ఒకటి జరిగిపోయాయి. అంతకుముందు పేరు అనే అర్థం ఇచ్చే ‘నేమ్’ని ‘నామ’ అని పలికేవారు, ‘టైమ్’ని ‘టీమ’ అని, ‘హౌస్’ని ‘హూస్’ అని. ఇది జరుగుతుండగానే 1476లో కాక్స్‌టన్ అనే ఆయన లండన్ పక్కన వెస్ట్‌మినిస్టర్‌లో మొదటి అచ్చుయంత్రం పెట్టాడు. పుస్తకాలు పెరిగేకొద్దీ రాత గడ్డకట్టింది, పలుకు నడుస్తూనే పోయింది.

మీరు రాసిన మాటలే తీసుకోండి. ఫుడ్, బుక్, బ్లడ్ మూడింటిలోనూ ఒకప్పుడు ఉన్నది ఓ-కారమే, అందుకే రెండు ‘ఓ’లు రాశారు. ఆ ఓ-కారం ఊ-కారంగా మారింది. ‘ఫుడ్’ అక్కడే ఆగిపోయింది, దాన్ని ఇప్పటికీ సాగదీసే అనాలి, ‘ఫూడ్’ అన్నట్టు. ‘బ్లడ్’ తొందరగా పొట్టిదై, ఆ తర్వాత ఇంకా మారి అ-కారం దాకా వచ్చేసింది. ‘బుక్’ ఆలస్యంగా పొట్టిదైంది కాబట్టి ఉ-కారం దగ్గరే ఉండిపోయింది. ‘ఫ్లోర్’లో వెనకున్న ర-కారం అచ్చుని పైకి పోనివ్వలేదు. అన్నీ ఒక ఇంటి నుంచే బయల్దేరాయి, తలా ఒక చోట ఆగాయి. మూడో తరగతి పిల్లలకి కూడా ఇది కథలా చెప్పొచ్చు, వాళ్ళకి నచ్చుతుంది కూడా.

తెలుగులో రాసుకోవడం గురించి నా అభిప్రాయం ఇది. ముందు వినాలి, తర్వాత అనాలి, ఆ తర్వాతే స్పెల్లింగ్ చూడాలి. ఈ మూడూ అయ్యాక గుర్తు కోసం పిల్లలు పెన్సిల్‌తో కింద తెలుగులో రాసుకుంటే కోప్పడకండి. కానీ బోర్డు మీద మీరు రాయకండి, ఎందుకంటే మీరు రాసింది వాళ్ళకి శాసనం అవుతుంది. బ్రిటిష్ పలుకులో సుమారు 20 అచ్చు ధ్వనులున్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చులు 5 మాత్రమే, మన తెలుగు గుర్తులేమో వేరే భాష కోసం పుట్టినవి. రెండూ వాటికి సరిపోవు.

మాటల్ని స్పెల్లింగ్‌ని బట్టి కాకుండా ధ్వనిని బట్టి గుంపులు చేయండి. బెడ్, బ్రెడ్, సెడ్ (అన్నాడు), ఫ్రెండ్, మెనీ (చాలా), బెరీ (పాతిపెట్టు). రాత ఆరు రకాలు, అచ్చు ఒకటే. పిల్లలు కళ్ళు మూసుకుని వింటూ, వేరే అచ్చు వచ్చినప్పుడు చెయ్యెత్తాలి. ఈ ఆట పది నిమిషాలు ఆడించండి చాలు.

మీది సరిహద్దు ప్రాంతం కాబట్టి ఇంకోటి. ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు మీ తరగతిలో ఉంటే, కాల్, హాల్‌లలోని గుండ్రటి అచ్చు వాళ్ళకి చెప్పనక్కర్లేదు. మనం అ-కారం పలికే చోట ఒడియాలో వచ్చేది ఇంచుమించు అదే, ‘జగన్నాథ’ని వాళ్ళెలా అంటారో విన్నారుగా. వాళ్ళ చేతే మిగతావాళ్ళకి చెప్పించండి. షిప్ (ఓడ), షీప్ (గొర్రె) తేడా మాత్రం వాళ్ళకి ఎక్కువ సాధన చేయించాలి, ఒడియా పలుకులో ఇ, ఈ తేడా నిలవలేదు. తెలుగు పిల్లలకి అది పుట్టుకతో ఉన్నదే.

చెవిని నమ్ముకుని భాష నేర్చుకోవడానికి మనకు దగ్గర్లోనే పెద్ద ఉదాహరణ ఉంది. శ్రీకాకుళం ప్రాంతంలోనే పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) మీ పక్కనున్న పర్లాకిమిడిలో టీచరుగా పనిచేస్తూ సవర భాష నేర్చుకున్నారు. అప్పటికి ఆ భాషకి లిపి లేదు. మాట్లాడేవాళ్ళ నోటి నుంచి విని, రాసుకుని, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పే బడులు పెట్టారు. టీచర్లు తలుచుకుంటే ఏం చేయగలరో చెప్పాలంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆయనే.

ప్రశ్న: వర్కెడ్, ఆస్కెడ్, వాచెడ్ అనకూడదా? విలేజ్ అనాలా, విలిజ్ అనాలా? – డిగ్రీ విద్యార్థి, విజయనగరం

జవాబు: అనకూడదు బాబూ, అక్కడ అచ్చే లేదు. వర్క్‌ట్, ఆస్క్‌ట్, వాచ్‌ట్, కాల్‌డ్. ముందున్నది ట-ధ్వనో డ-ధ్వనో అయితేనే చిన్న ఇ-కారం వస్తుంది: వాంటిడ్, నీడిడ్. రెండోదానికి, విలిజ్. మెసిజ్, డ్యామిజ్, లగిజ్, కాలిజ్ కూడా అంతే. ‘మసాజ్’ మాత్రం ఫ్రెంచి నుంచి వచ్చిన మాట, దాని ఆ-కారం దానికి ఉంది.

ప్రశ్న: మాది బొబ్బిలి. నర్సింగ్ పూర్తయింది. ఇంగ్లండు వెళ్ళాలని ఐఈఎల్‌టీఎస్‌కి చదువుతున్నాను. అచ్చులన్నీ స్పష్టంగా, ఏదీ మింగకుండా పలుకుతున్నాను. అయినా స్పీకింగ్ ప్రాక్టీసులో ‘మీరు చెప్పేది అర్థం కావడం లేదు’ అంటున్నారు. ఇంకెంత స్పష్టంగా మాట్లాడాలి?

జవాబు: తల్లీ, నీ ఇబ్బంది అన్నీ స్పష్టంగా పలకడంలోనే ఉంది. తెలుగులో ప్రతి అచ్చుకీ దాని వాటా దానికిస్తాం, పొట్టిదాన్ని పొట్టిగా, పొడుగుదాన్ని పొడుగ్గా, ఏదీ చెరిపెయ్యం. ఇంగ్లీషు అలా నడవదు. ప్రతి పెద్ద మాటలో ఒక్క చోట గట్టిగా ఒత్తి పలికి, మిగతా అచ్చుల్ని చాలావరకు నలిపేస్తారు. తప్పెటగుళ్ళు వాయించేవాళ్ళు ఒక దెబ్బ బలంగా వేసి మిగతావి తేలిగ్గా తాకిస్తారే, అలా ఉంటుంది నడక. వినేవాళ్ళు ఆ బలమైన దెబ్బని పట్టుకునే మాటని గుర్తిస్తారు. నువ్వు అన్నీ సమానంగా కొడితే వాళ్ళకి ఆనవాలు దొరకదు.

నలిగిన చోట మిగిలే అచ్చుకి ‘ష్వా’ అని పేరు. ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే అచ్చు అదే, దానికి ఆ భాషలోనూ ప్రత్యేకమైన అక్షరం లేదు. డిక్షనరీలో తలకిందులు చేసిన చిన్న ‘ఈ’ అక్షరంతో చూపిస్తారు. నోరు సగం తెరిచి, నాలుకని ఎటూ కదపకుండా, పెదాల్ని వదిలేసి చిన్నగా అ-కారం అంటే వచ్చేది అదే. ‘బనానా’లో మధ్య ‘నా’ ఒక్కటే నిజమైన ఆ-కారం, మొదటి ‘బ’, చివరి ‘నా’ రెండూ ష్వాలే. ‘డాక్టర్’లో ‘డా’ బలంగా ఉంటుంది, ‘టర్’ నలిగిపోతుంది. ‘పేషెంట్’లో ‘పే’ తర్వాత ఎ-కారం అసలు వినిపించదు, ‘పేష్‌ంట్’ అన్నట్టే ఉంటుంది. ‘కంఫర్టబుల్’ని మనం నాలుగు ముక్కలుగా అంటాం, వాళ్ళు చాలామంది ‘కంఫ్‌టబుల్’ అని మూడింటితో సరిపెడతారు. ‘డెవలప్’లో బలం ‘వె’ మీద ఉంటుంది, ‘డివెలప్’. ‘ఎమర్జెన్సీ’లో ‘మర్’ మీద. ‘అలర్జీ’ని మనం ‘ఎలర్జీ’ అని మధ్యలో ఒత్తుతాం, వాళ్ళు మొదటి అచ్చు మీద ఒత్తుతారు, అదీ క్యాట్‌లోని అచ్చుతో. ‘అలర్జిక్’ అనగానే మళ్ళీ బలం రెండోదాని మీదకి వెళ్ళిపోతుంది. డిక్షనరీలో బలమైన ముక్కకి ముందు పైన చిన్న నిలువు గీత ఉంటుంది, కొత్త మాట నేర్చుకున్నప్పుడల్లా అర్థం కంటే ముందు ఆ గీత ఎక్కడుందో చూడు.

చిన్న మాటలు ఇంకా ముఖ్యం. టు, ఫర్, ఆఫ్, అండ్, కెన్ లాంటివి వాక్యం మధ్యలో వచ్చినప్పుడు వాటి అచ్చులు ష్వాగా మారిపోతాయి. ‘ఐ కెన్ హెల్ప్ యూ’లో ‘కెన్’ దాదాపు ‘క్న్’ అయిపోతుంది. నువ్వు అక్కడ ‘క్యాన్’ అని గట్టిగా ఒత్తావనుకో, వినేవాళ్ళకి ‘చేయలేను’ అన్న మాటలా తోచే ప్రమాదం ఉంది, ఎందుకంటే చేయలేను అనే అర్థం వచ్చే మాటనే వాళ్ళు ఒత్తి పలుకుతారు. వార్డులో ఇది మామూలు తేడా కాదు.

నీ వృత్తికి కావలసిన ఇంకొన్ని జంటలు రాసి పెట్టుకో. హార్ట్ అంటే గుండె, ఆ-కారం. హర్ట్ అంటే దెబ్బ తగలడం, ‘నర్స్’లో ఉండే అచ్చు. బ్రెత్ అంటే ఊపిరి, బ్రీద్ అంటే ఊపిరి పీల్చు. గాయాన్ని ‘వూండ్’ అనాలి, ‘వౌండ్’ కాదు. ‘స్టమక్’ చివర క-కారమే, చ-కారం లేదు, అచ్చు కూడా నలిగిందే.

పరీక్ష గురించి భయం వద్దు. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో నాలుగు అంశాలకి సమానంగా మార్కులుంటాయి, ఉచ్చారణ అందులో ఒకటి. బ్రిటిష్ యాస ఉండాలని ఎవరూ అడగరు. ఎదుటివాళ్ళు శ్రమపడకుండా అర్థం చేసుకోగలగాలి, ఒత్తు సరైన చోట పడాలి. యాస అరువు తెచ్చుకుని మాట్లాడేవాళ్ళ కంటే, తెలుగు గొంతుతోనే ఒత్తు సరిగ్గా వేసేవాళ్ళ మాట బాగా అర్థమవుతుంది.

ప్రశ్న: పొందూరులో ఖద్దరు బట్టల దుకాణం మాది. బయటి రాష్ట్రాలవాళ్ళు, ఎప్పుడైనా విదేశీయులు కూడా వస్తారు. నాకు 50 దాటాయి. ఈ వయసులో నోరు తిరుగుతుందా? దేంతో మొదలుపెట్టాలి?

జవాబు: తిరుగుతుందండీ. చిన్నపిల్లల్లా పూర్తిగా మారకపోవచ్చు, కానీ ఎదుటివాళ్ళకి తేలిగ్గా అర్థమయ్యేలా మాట్లాడటానికి వయసు అడ్డు కాదు. మీకైతే ఇంకా సులువు, అవసరమైన మాటలు కొన్నే, రోజూ వాడేవే. ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్, కేంబ్రిడ్జ్ డిక్షనరీలు ఫోన్‌లో ఉచితంగానే చూడొచ్చు, ప్రతి మాటకీ బ్రిటిష్ పలుకు, అమెరికన్ పలుకు వేరువేరుగా వినిపిస్తాయి. మాట విని, మీ గొంతు ఫోన్‌లోనే రికార్డు చేసుకుని, రెండూ పక్కపక్కన వినండి. రాత్రి దుకాణం మూసేముందు పది నిమిషాలు చాలు. ఆదివారం ఒక్కరోజు గంటసేపు చేయడం కంటే అదే మేలు.

మీ దుకాణం మాటలతోనే మొదలుపెడదాం. షర్ట్ (చొక్కా), షార్ట్ (పొట్టిది). మొదటిదానిలో పెదాలు మామూలుగా ఉండాలి, రెండోదానిలో పైన చెప్పిన ‘కోట’ అచ్చు. వీవ్ (నేయడం), వేవ్ (అల). ‘లూమ్’ని (మగ్గం) సాగదీయాలి. ‘కాటన్’లో ‘కా’ పొట్టిగా, ‘టన్’ బాగా నలిపి. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారని మీరు వాళ్ళకి చూపించి చెబుతారు కదా, ఆ దవడని ‘జా’ అంటారు, అదీ ‘కోట’ అచ్చే. ఆ పని చూడటానికే అంత దూరం నుంచి వచ్చినవాళ్ళుంటారు, ఆ ఒక్క మాట శుభ్రంగా రావాలి.

ఇక ధరలు. ఫిఫ్టీ, ఫిఫ్టీన్‌ల దగ్గర చాలా గందరగోళం జరుగుతుంది. యాభై అయితే బలం మొదటి ముక్క మీద, చివరి ఇ-కారం తేలిగ్గా. పదిహేను అయితే చివరి ‘టీన్’ని ఒత్తి సాగదీయాలి. థర్టీ–థర్టీన్, సిక్స్‌టీ–సిక్స్‌టీన్ కూడా ఇదే లెక్క. కానీ వెనకాల ‘హండ్రెడ్’ చేరితే, ‘ఫిఫ్టీన్ హండ్రెడ్’ అన్నప్పుడు ఆ బలం మళ్ళీ ముందుకి జరిగిపోతుంది, చివరి న-కారం ఒక్కటే తేడా చెప్పాల్సి వస్తుంది. అలాంటప్పుడు ‘వన్ ఫైవ్ జీరో జీరో’ అని అంకెలు విడివిడిగా చెప్పి, క్యాలిక్యులేటర్‌లో కొట్టి చూపించండి.